సగంలో ఆగిన కొయ్య ఓడను మళ్లీ పట్టుకోవాలంటే

ఎవరో మొదలుపెట్టి అటకెక్కించిన తెరచాప ఓడ చెక్క నమూనా కిట్టు చేతికొస్తే ముందు జిగురు సీసా పక్కన పెట్టండి. మొదటి రెండు రోజులూ ఓడను చూడడమే పని. ఎక్కడ ఆగిందో చూస్తే ఎందుకు ఆగిందో తెలిసిపోతుంది. ముక్కు దగ్గర ప్లాంకులు (ఓడ పక్కలకు అతికించే సన్న చెక్క పట్టీలు) ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటే, మీకన్నా ముందు దాన్ని చేసిన పాతవాళ్లు వాటి వెడల్పు తగ్గించకుండా బలవంతంగా వంచారన్నమాట. హల్ (ఓడ పొట్ట) పూర్తయి, డెక్ (పైనుండే చదునైన నేల) పడి, మాస్టుల (తెరచాప స్తంభాల) దగ్గర ఆగితే అదృష్టవంతులే. చాలామంది తాళ్ల పనికి భయపడి వదిలేస్తారు తప్ప, కింద చెక్క పని బాగానే ఉంటుంది.

ప్లాను పరిచి, భాగాల జాబితాతో పెట్టెలో ఉన్నవన్నీ సరిచూడండి. అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీయండి. ఏది ఎలా ఉండేదో విప్పాక గుర్తుండదు. పాత కిట్లలో నూలు దారం పీచుపీచుగా తెగుతుంది, దాన్ని పారేయడమే మేలు. సన్న ప్లాంకులు పెళుసెక్కి ఉంటాయి కాబట్టి ఒక తునక నానబెట్టి వంచి చూడాలి. ఫిరంగులు, లంగర్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది దుమ్ము కాకపోవచ్చు. సీసం కలిసిన లోహానికి చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తగిలి, ముఖ్యంగా మూసిన పెట్టెలో, అలా బూజులాగా తేలుతుంది. ఆ పొడి విషం. గ్లౌజులు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు, ఊదొద్దు, గీకొద్దు. అలాంటి భాగాలను తీసేసి కొత్తవి వేయాలి.

దుమ్ముకి మెత్తటి కుంచె, దాని తర్వాత నీళ్లతో కొద్దిగా తడిపి పిండిన దూది పుల్ల చాలు. తడిగుడ్డతో ఓడంతా తుడిస్తే తెల్ల జిగురు మెత్తబడి అతుకులు వదులవుతాయి.

ఇక అసలు పరీక్ష కీల్‌ది, అంటే ఓడ అడుగున పొడుగునా ఉండే వెన్నెముక కొయ్యది. ఓడను తలకిందులుగా పట్టుకుని, కీల్ వెంబడి ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు చూడండి. ముక్కు నుంచి వెనక చివరిదాకా దారం బిగించి లాగితే వంకర ఎంతో మిల్లీమీటర్లలో దొరుకుతుంది. ఒక్కో బల్క్‌హెడ్ (కీల్ మీద అడ్డంగా నిలబెట్టే చెక్క పలక) కీల్‌కి నిటారుగా ఉందో లేదో చిన్న మూలమట్టంతో చూడాలి. ఇక్కడ తప్పుంటే అది ఇక్కడితో ఆగదు. డెక్ ఒరుగుతుంది, దాని మీద మాస్టు ఒరుగుతుంది, చివరికి ఒక పక్క తాళ్లు పొట్టి, ఇంకో పక్క పొడుగు అవుతాయి.

ప్లాంకులు ఇంకా వేయకపోతే వంకర తీయవచ్చు. వంగిన చోట గోరువెచ్చని నీళ్లతో తడిపి, రెండు తిన్నటి కొయ్యల మధ్య క్లాంపులతో బిగించి, పూర్తిగా ఆరేదాకా ఒకటి రెండు రోజులు వదిలేయండి. విప్పిన వెంటనే బల్క్‌హెడ్ల మధ్య చెక్క దిమ్మెలు కొలిచి కోసి అతికించాలి, లేకపోతే చెక్క మళ్లీ పాత దారి పడుతుంది. రెండు పక్కలా ప్లాంకులు ఇప్పటికే వేసేసి ఉంటే మాత్రం ఆ వంకర జోలికి పోవద్దు. 60 సెంటీమీటర్ల హల్‌లో మిల్లీమీటరు తేడాను పూర్తయిన ఓడలో ఎవరి కన్నూ పట్టదు. దాన్ని సరిచేయబోతే హల్ పగులుతుంది.

ఏది విప్పాలి, ఏది వదలాలి అన్నదానికి ఒకటే కొలత: ఆ తప్పు పైపనిని పాడు చేస్తుందా? చేస్తే విప్పండి. ఊరికే కంటికి ఇంపుగా లేదంతే అయితే, పైన ఇంకో పొర పడుతుందేమో చూసుకుని వదిలేయండి.

విప్పే ముందు జిగురు ఏదో కనుక్కోవాలి. తెల్ల జిగురు తడి తగిలితే పాలిపోయి రబ్బరులా సాగుతుంది. సూపర్‌గ్లూ గాజులా గట్టిగా ఉండి, చుట్టూ తెల్లటి మసక వదులుతుంది. మొదటిదానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిని అతుకు మీద పావుగంట ఉంచి, సన్నని బ్లేడు దూర్చి మెల్లగా ఎత్తాలి. రాకపోతే మళ్లీ తడపాలి తప్ప బలం చూపించకూడదు. సూపర్‌గ్లూకి అసిటోన్. అది వార్నిష్‌నీ ప్లాస్టిక్‌నీ తినేస్తుంది కాబట్టి కనపడని మూల ముందు ఒక చుక్క వేసి చూడండి. రెండూ భగ్గున మండేవే. కిటికీలు తెరిచి, దరిదాపుల్లో మంట లేకుండా వాడాలి.

ప్లాంకింగ్ సగంలో ఉంటే మిగిలిన ఖాళీని లెక్కగట్టకుండా తర్వాతి ప్లాంకు వేయకండి. సన్నటి కాగితం పట్టీని ప్రతి బల్క్‌హెడ్ అంచు మీదా చుట్టి, వేసిన ప్లాంకు నుంచి కీల్ దాకా ఎంత ఖాళీ ఉందో గుర్తు పెట్టండి. నడుమ 60 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం, ప్లాంకు వెడల్పు 5. అంటే పక్కకి 12 ప్లాంకులు. ముక్కు దగ్గర ఖాళీ 36 అయితే, ఒక్కో ప్లాంకును అక్కడ 3 మిల్లీమీటర్లకు సన్నం చేయాలి. అదే 24 అయితే ఒక్కోదానికి 2 వస్తుంది, అంటే సగం కన్నా తక్కువ. అంత సన్నటి కొస మేకు పట్టదు, చీలుతుంది. అప్పుడు రెండు ప్లాంకులను ముందే ఆపి, వాటి చోట ఒకటే ముక్కు దాకా వెళ్లేలా గాడి కోసి కలపాలి. వెనకవైపు దీనికి తలకిందులు. అక్కడ ఖాళీ 72 ఉంటే 12 ప్లాంకులకు 60 పోగా 12 మిల్లీమీటర్లు తెరుచుకునే ఉంటుంది. ఆ సందుల్లో కొస తేలిన త్రికోణపు ముక్కలు పడతాయి. నిజం ఓడల్లోనూ అలాగే చేసేవారు కాబట్టి సిగ్గుపడక్కర్లేదు.

సన్నం చేయడానికి ప్లాంకును స్టీలు స్కేలు పక్కన పెట్టి కత్తితో కోసి, చిన్న చిత్రికతో అంచు నున్నగా తీయాలి. వేడినీళ్లలో 20, 30 నిమిషాలు నానబెట్టి, వంపుకి పట్టించి, క్లిప్పులు పెట్టి ఆరనివ్వండి. అతికించేది ఆరాకే. తడి ప్లాంకును అతికిస్తే ఆరేటప్పుడు కుదించుకుపోయి, పక్కదానితో సందు తెరుచుకుంటుంది. పాతవాళ్ల హల్‌లో కనిపించే సన్న గీతల్లో చాలావాటికి కారణం ఇదే. ఎడమన ఒకటి వేస్తే కుడిన ఒకటి వేయాలి. ఒక్క పక్కే వేసుకుంటూ పోతే ఆ లాగుడికి కీల్ మెలిపడుతుంది.

ప్లాంకులను రెండు పొరలుగా వేసే కిట్టు అయితే మొదటి పొర అందం గురించి బెంగ వద్దు. రంపపు పొట్టును తెల్ల జిగురులో కలిపి సందులు పూడ్చి, 120 నంబరు ఉప్పుకాగితాన్ని దిమ్మెకి చుట్టి రుద్దండి. ఆ ప్లాంకు మందం సాధారణంగా ఒకటిన్నర మిల్లీమీటరే. లోపల చిన్న బల్బు పెట్టి చూస్తే ఎక్కడ పలచబడిందో వెలుతురే చెబుతుంది. పై పొరలో మాత్రం ఈ పూడ్చుడు పనికిరాదు. జిగురు కలిసిన చోట రంగు పట్టక మచ్చలా మిగులుతుంది. అక్కడ అదే చెక్క నుంచి చీల్చిన పుల్లను దూర్చాలి.

కొత్త చెక్కకీ పాతదానికీ రంగు కలవదు. వాల్‌నట్ వెలుతురులో ఏళ్లు గడిచేకొద్దీ పాలిపోతుంది, చెర్రీ ముదురుతుంది. అందుకే మధ్యలో అతుకు ముక్క వేయకుండా ప్లాంకు మొత్తం మార్చడం మంచిది. గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే రంగులో ఉంటే అది మరమ్మతులా కనపడదు.

ఓడ అడుగుకి రాగి రేకులు అతికించే ముందు అది ఏ కాలపు ఓడో చూడండి. బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడకు ప్రయోగంగా రాగి తొడిగింది 1761లో. అంతకు ముందు కాలపు యుద్ధనౌకకు రాగి అడుగు వేస్తే, తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. వేసేటప్పుడు వెనక నుంచి ముందుకి, కింద నుంచి పైకి రావాలి. ముందు రేకు వెనక రేకు మీదికి ఎక్కితేనే నీళ్లు అంచు కింద దూరవు.

మాస్టులను జిగురు లేకుండా నిలబెట్టి, ప్లానులో ఉన్నంత వాలు ఉందో లేదో పక్క నుంచీ, నిటారుగా ఉన్నాయో లేదో ముందు నుంచీ చూసుకోండి. రంధ్రం వదులైతే కాగితం చుట్టండి, ఒరిగితే రంధ్రాన్ని ఆకురాయితో ఒక పక్కకి తీయండి.

మాస్టును పక్కల నుంచి నిలబెట్టే ష్రౌడ్లకు తారు పూసేవారు కాబట్టి ముదురు రంగు దారం, తెరచాపలను లాగే తాళ్లకు లేత గోధుమ రంగు దారం వాడాలి. రెండూ నల్లగా కడితే ఓడ బొమ్మలా తేలిపోతుంది. ష్రౌడ్లను జతలుగా వేస్తారు: మొదట కుడిపక్క ముందు జత, దాని మీద ఎడమపక్క ముందు జత, అలా మార్చి మార్చి. ఒక పక్కే పూర్తిచేస్తే మాస్టు అటు వంగుతుంది.

ష్రౌడ్ల మీద నావికులు ఎక్కే తాడు మెట్లు అసలు ఓడలో సుమారు 13 నుంచి 15 అంగుళాల ఎడంలో ఉండేవి. 1:64 స్కేలులో (అసలు ఓడలో 64వ వంతు) అది 5, 6 మిల్లీమీటర్లు. కార్డు మీద ఆ ఎడంతో గీతలు గీసి ష్రౌడ్ల వెనక క్లిప్పుతో పెట్టుకుంటే కొలిచే బాధ తప్పుతుంది. చివరి ష్రౌడ్లకు మామూలు ముడి, మధ్యవాటికి క్లోవ్ హిచ్ (రెండు చుట్లు తిప్పి వేసే ముడి) వేయాలి. బిగించి లాగొద్దు. నాలుగైదు మెట్లకే ష్రౌడ్లు నడుము దగ్గర లోపలికి గుంజుకుంటాయి, అది తర్వాత సరికాదు. ముడి మీద సూపర్‌గ్లూ వేస్తే దారం పుల్లలా బిరుసెక్కి అక్కడే విరుగుతుంది. నీళ్లు కలిపిన తెల్ల జిగురు గుండుసూది మొనతో ఒక బొట్టు చాలు. అది పూర్తిగా ఆరాకే మిగిలిన కొసలు కత్తిరించండి.