కీమో పడలేదన్నారు

అందరూ క్యాన్సర్ గురించే అడుగుతారు. నన్ను ఐసీయూ దాకా తీసుకెళ్ళింది మాత్రం జ్వరం.

మాది కదిరి. పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరులో, కేఆర్ పురంలో ఉంటున్నాం. మెడ పక్కన గడ్డ లేచింది, నొప్పి లేదు. రాత్రుళ్ళు జాకెట్టు పిండుకునేంత చెమట. బయాప్సీలో డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా అని తేలింది, అంటే బీ కణాలనే తెల్లరక్తకణాలకి వచ్చే క్యాన్సర్. "ఇది వేగంగా పెరిగే రకమమ్మా. అలాంటివే కీమోకి బాగా లొంగుతాయి" అన్నారు డాక్టరు గారు. అప్పుడది ఓదార్పు మాట అనుకున్నాను. నిజానికి అది వైద్యశాస్త్రం చెప్పే మాటే.

ఇచ్చింది ఆర్-చాప్ అనే కొన్ని మందుల కలయిక, 21 రోజులకోసారి, ఆరు సార్లు. మొదలుపెట్టేముందు గుండెకి ఎకో, హెపటైటిస్ బీ పరీక్ష చేశారు. అందులో ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ గుండెని దెబ్బతీయొచ్చు, రిటుక్సిమాబ్ ఒంట్లో నిద్రపోతున్న ఆ వైరస్‌ని లేపొచ్చు. ఈ రిటుక్సిమాబ్ బీ కణాల మీదుండే సీడీ20 అనే ప్రొటీన్‌ని గుర్తుపట్టి అంటుకుంటుంది. అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. 2007లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు దాని బయోసిమిలర్, అంటే దాదాపు అలాగే పనిచేసే మందు, తెచ్చారు. మాలాంటి వాళ్ళకి ఈ మందు అందుతోందంటే అలాంటివి వచ్చాకే.

మిగతా కీమో మందులకి అంత గురి లేదు. విడిపోతూ పెరిగే కణం ఏదైనా వాటికి ఒకటే. వేరుశనగ చేలో మందు కొడితే కలుపుతో పాటు చెట్టూ వాడుతుందే, అలాగన్నమాట. ఎముక మజ్జ రోజంతా కొత్త కణాల్ని తయారుచేస్తూనే ఉంటుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువకాలం బతకవు కాబట్టి ముందు పడిపోయేది అవే. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య బాగా తగ్గుతాయి. అందుకే మర్నాడు వాటిని పెంచే ఇంజక్షన్ ఇస్తారు. నాకూ ఇచ్చారు. అయినా పడిపోయాయి.

ఆసుపత్రి వాళ్ళిచ్చిన కార్డు ఫ్రిజ్ మీద అంటించి ఉండేది: జ్వరం 100.4 దాటితే ఏ వేళైనా రండి, వచ్చీ రాగానే కీమో పేషెంట్ అని చెప్పండి. ఆ రాత్రి 101 వచ్చింది. ఫోన్లో మా అక్క "డోలో వేసుకుని పడుకో, పొద్దున చూద్దాం" అంది. మా ఆయన అప్పటికే బండి తాళాలు తీసుకున్నాడు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర అర్ధరాత్రి కూడా లారీలు.

ఎమర్జెన్సీలో కల్చర్‌కి, అంటే రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్షకి, రక్తం తీసి, గంటలోపే యాంటీబయోటిక్ ఎక్కించారు. న్యూట్రోఫిల్స్ వంద కూడా లేవు. ఐదొందల కన్నా తగ్గాయంటేనే పెద్ద ప్రమాదం, నాకు అంతకన్నా తక్కువ. దగ్గు లేదు, చీము లేదు, ఎక్కడా వాపు లేదు. చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలట! తెల్లారేసరికి బీపీ జారిపోయింది. సెప్టిక్ షాక్ అన్నారు, ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోవడం. బీపీ పెంచే నోరాడ్రినలిన్ మందు పెట్టి బీపీ సగటు 65కి తగ్గకుండా నిలబెట్టారు. కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది. బయట తిండి వల్ల కాదు. కీమోకి పేగు లోపలి పొర దెబ్బతిని, నా పేగులో ఉన్న సూక్ష్మజీవే రక్తంలోకి దూరిందని చెప్పారు.

ఐసీయూలో కొన్ని రోజులు నేను కదిరి బస్టాండులో ఉన్నాననే అనుకున్నాను. మానిటర్ మోగితే బస్సు బయల్దేరుతోందని లేవబోయేదాన్నట. దాన్ని డెలిరియం అంటారు, ఐసీయూలో చాలామందికి వస్తుంది. మలయాళీ నర్సమ్మ వచ్చీరాని తెలుగులో, "అక్కా, ఇవాళ ఏం వారం? ఇది ఏ ఊరు?" అని పూటపూటా అడిగేది. నేను కోపంగా "కదిరి" అనేదాన్ని. ఆమె విసుక్కోకుండా "బెంగళూరు, అక్కా" అనేది.

వార్డుకి మార్చాక నీళ్ళ గ్లాసు ఎత్తడానికి చేతకాలేదు. మంచాన పడిన కొద్దిరోజులకే కండ కరిగిపోతుంది. మంచం అంచున కూర్చోబెట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టారు ఫిజియోథెరపీ వాళ్ళు.

ఈలోపు ఇంట్లో పంచాయితీ. మా మరిది మా ఆయనతో, "వదినకి కీమో పడలేదన్నా, ఆపేయండి. పక్క ఊళ్ళో నాటుమందు ఇస్తారు" అన్నాడు. అక్కదీ అదే మాట. నన్ను ప్రేమించే వాళ్ళే ఆ మాటన్నారు, అదే కష్టం.

కొంత ఆగి పెట్ స్కాన్ తీశారు. ఇన్ఫెక్షన్ ఉన్నచోట కూడా స్కాన్ వెలుగుతుంది కాబట్టి వెంటనే తీస్తే తప్పుదోవ పట్టిస్తుంది. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజ్‌ని ఎక్కిస్తే, దాన్ని ఎక్కువగా మింగే కణాలు తెరమీద కనిపిస్తాయి. క్యాన్సర్ కణాల ఈ తిండిపోతుతనాన్ని జర్మనీలో ఓటో వార్బర్గ్ 1920ల్లోనే గమనించాడు. (అది విని "అయితే చక్కెర మానేయ్" అంది అక్క. మానేసినా లివర్ గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుందే తల్లీ!)

రిపోర్టు వచ్చింది. ఎముకలన్నీ వెలుగుతున్నాయి. మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరు గారు చూసి నవ్వారు. అది జబ్బు కాదట, ఇంజక్షన్ దెబ్బకి కోలుకుంటున్న మజ్జ. గడ్డ ఎంత వెలుగుతోందో చెప్పే డోవిల్ స్కోరు 2. ఒకటి నుంచి ఐదు దాకా ఉంటుంది, తక్కువైతే మంచిది. అంటే మందు గడ్డనీ కొట్టింది, మజ్జనీ కొట్టింది, ఒకే దెబ్బకి. కీమో పడకపోవడం కాదిది, పనిచేయడమే. దాని పక్కదెబ్బకి సిద్ధంగా ఉండాలి, అంతే.

తర్వాతి కీమో కాస్త ఆలస్యంగా ఇచ్చారు గానీ డోసు తగ్గించలేదు, నయం చేయడమే లక్ష్యం కాబట్టి. మిగిలినవి పెద్దగా చెప్పుకునేంత గొడవ లేకుండా గడిచాయి. చివరి స్కాన్ కూడా శుభ్రంగా వచ్చింది. తిరగబెడితే ఏంటని అడిగాను. మన దేశంలోనే ముంబై ఐఐటీ, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకి (రోగి సొంత టీ కణాల్నే మార్చి క్యాన్సర్ మీదకి పంపడం) 2023లో అనుమతి వచ్చిందని, అలాంటి దారులున్నాయని, ఇప్పుడు దాని గురించి టెన్షన్ పడొద్దని చెప్పారు.

ఆర్-చాప్‌లోని విన్‌క్రిస్టిన్ అనే మందు వల్ల వేళ్ళ కొసలు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. జాకెట్టు హుక్కులు మా అమ్మాయి పెడుతుంది. అక్క మాత్రం మూడు నెలలకోసారి పెట్ స్కాన్ తీయించుకోమని ఒకటే పోరు. లక్షణాలేమీ లేకుండా ఊరికే తీయరని, రక్తపరీక్ష, చేత్తో తడిమి చూడటం చాలని ఎంత చెప్పినా వినదు. వచ్చే చెకప్‌కి తనే వస్తానంది. రానీ, డాక్టరు గారే చెప్పుకుంటారు.