ఫిట్‌నెస్ టెస్టులు పెట్టబోయి మెమో తెచ్చుకున్నాను

నిన్న రాత్రి పదకొండింటికి చివరి పేరు ఎక్కింది. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంది. నా గోలంతా ఆ గడి గురించే.

తిరుపతిలో కొండ కింది కాలనీల పిల్లలు చదివే ఒక సర్కారు బడిలో నేను పీఈటీని. ఆరు నుంచి ఎనిమిది దాకా 112 మంది ఫిట్‌నెస్ వివరాలు ఖేలో ఇండియా యాప్‌లో పెట్టాలి. ఎత్తు, బరువు ఒక పూటలో అయిపోయాయి. 50 మీటర్ల పరుగుకు పిల్లలే ఎగబడ్డారు. కాళ్లు చాపి ముందుకు వంగే పరీక్షలో ఆడపిల్లలు మగపిల్లల్ని చిత్తు చేశారు. రాసుకోవడానికి ఎనిమిదో తరగతి వాళ్లను పెట్టుకోండి, తోటి టీచర్లను మాత్రం అడగొద్దు. "ఎండలో విజిల్ ఊదడమేగా మేడమ్ మీ పని" అంటారు.

దెబ్బ పడింది 600 మీటర్ల పరుగు దగ్గర. మా గ్రౌండులో వేపచెట్టు, నీళ్ల ట్యాంకు చుట్టి టేపుతో కొలిస్తే 75 మీటర్లు వచ్చింది. ఎనిమిది రౌండ్లన్నమాట. సున్నంతో గీత గీసి, బుధవారం మొదటి పీరియడ్‌లో ఏడో తరగతిని పరిగెత్తించాను. ఐదో రౌండులో ఒక అమ్మాయి ట్యాంకు గోడ పట్టుకుని ఆగింది. పెదాలు పాలిపోయాయి. నేను చేరేలోపే కూలబడింది.

నీడలో పడుకోబెట్టి, తేరుకున్నాక అడిగాను, పొద్దున ఏం తిన్నావని. "టీ తాగినా మేడమ్" అంది. తరగతి మొత్తాన్ని చేతులెత్తమన్నాను. 34 మందిలో 19 మంది ఏమీ తినకుండానే వచ్చారు. వాళ్ల అమ్మలు తెల్లారకముందే లాడ్జీల్లో, హోటళ్లలో పనికి పోతారు. తొమ్మిదేళ్లుగా విజిల్ ఊదుతున్నాను, ఈ ప్రశ్న ఒక్కరోజూ అడగలేదు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి వాళ్లమ్మ వచ్చింది. "ఏం టీచరమ్మా, కూడు తినని బిడ్డిని గుర్రం మాదిరి పరిగెత్తిస్తావా?" నోరు పెగల్లేదు నాకు. ఆమె తిట్టడం న్యాయమే.

విద్యాశాఖ ఆఫీసులో జరిగింది మాత్రం న్యాయం కాదు. మెమో ఇచ్చి పిలిపించి గంటన్నర నిలబెట్టారు. యూనివర్సిటీ తరఫున కబడ్డీ ఆడినదాన్ని, అటెండరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆఫీసరు తలెత్తకుండానే, "పొద్దస్తమానం వీధుల్లో తిరిగే పిల్లలకు వ్యాయామం ఎందుకమ్మా? మార్కులు చూడండి" అన్నారు. వీధుల్లో తిరిగేది ఎవరు సార్? ఆ అమ్మాయి బడి వదలగానే ఒంటిగది ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చుంటుంది. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మాకున్నవి వారానికి రెండు పీరియడ్లు. పరీక్షలొస్తే అందులో ఒకటి లెక్కల సారు పట్టుకుపోతారు. ఇవన్నీ బస్టాండు దాకా నడుస్తూ అనుకున్నవే. అక్కడ మాత్రం "సరే సార్" అన్నాను. మెమో వస్తే జవాబు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద సీలు వేయించుకోండి. వేయకపోతే కదలొద్దు.

ఆ అమ్మాయికి హెల్త్ సెంటర్‌లో రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 8.9. పన్నెండేళ్ల పిల్లకు 12 అయినా ఉండాలి. వారం వారం బడిలో ఇచ్చే నీలం ఐరన్ మాత్ర వేసుకుంటున్నావా అని డాక్టరమ్మ అడిగితే ఆ పిల్ల నా వైపు చూసింది. బ్యాగులోంచి జామెట్రీ బాక్స్ తీసి తెరిచింది. వృత్తలేఖిని పక్కన ఏడు నీలం మాత్రలు. "కడుపులో తిప్పుతాది మేడమ్, అందుకే." రిజిస్టర్‌లో ఆ ఏడు వారాలూ మింగినట్టు టిక్కులున్నాయి. మూడు నా చేత్తో పెట్టినవే. అన్నం తిన్నాక, మన కళ్లముందు మింగించాల్సిన మాత్ర అది. మేం బడి వదిలే హడావిడిలో చేతికిచ్చి పంపేశాం.

ఇంకొకటి తట్టింది. బడిలో పొద్దున రాగిజావ పోసేది మంగళ, గురు, శనివారాలు. నేను పరిగెత్తించింది బుధవారం. మిగిలిన రెండు తరగతుల పరుగూ గురు, శనివారాలకు మార్చి, జావ తాగిన గంటకు పెట్టాను. ఒక్కరూ పడలేదు.

ఆ అమ్మాయికి ఇప్పుడు రోజూ మాత్ర, డాక్టరమ్మ చెప్పేదాకా పరుగు లేదు. నిన్న స్టాప్‌వాచ్ తన చేతికే ఇచ్చాను. ఆరో తరగతి పిల్లల టైములన్నీ తనే చదివి రాయించింది.