రంగమ్మ కాలికి వచ్చి మిగిలిన డబ్బు

నాకు కుక్కలంటే భయం. వారానికి రెండు రోజులు కుక్కల షెల్టర్‌కి వెళ్తానని తెలిసినవాళ్ళంతా నన్నేదో పెద్ద జంతుప్రేమికురాలు అనుకుంటున్నారు కాబట్టి ఈ ముక్క ముందే చెప్పేస్తున్నా. 1987లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, సామర్లకోటలో మా వీధి కుక్కే నా పిక్క పట్టుకుంది. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు, రోజుకొకటి. నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళేవారు, వచ్చేటప్పుడు నిమ్మతొనలు కొనిపెట్టేవారు, ఇప్పటికీ నిమ్మతొనలు చూస్తే నాకు డెట్టాల్ వాసనొస్తుంది. ఆ రకం మందు మన దేశంలో 2004 చివరికల్లా ఆపేశారు. ఇప్పుడు భుజానికే, నాలుగైదు డోసులతో అయిపోతుంది. కానీ ఆ సంగతి నా పొట్టకి ఇంకా తెలియలేదు, కుక్క ఎదురైతే ముందు అదే బిగుసుకుంటుంది.

మరి షెల్టర్‌లో ఏం చేస్తావే అంటారు. లెక్కలు రాస్తాను.

కాకినాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పదహారేళ్ళుగా పని చేస్తున్నా. మూడేళ్ళ క్రితం ఒకావిడ బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టింది. లోపల బిల్లులు, మందుల చీటీలు, నూకల కొట్టు రశీదులు, కొన్నింటిమీద పంజా గుర్తులు కూడా. "అమ్మా, ఊరి బయట డెబ్బై కుక్కలున్నాయి, లెక్క చూపించకపోతే ఎవరూ డబ్బివ్వట్లేదు, ఓ సాయం పట్టండి" అంది. డబ్బా ఇంటికి తెచ్చుకున్నా. కుక్క లేని కుక్కల పని కదా, నష్టమేముంది అనుకున్నా.

ఆ లెక్కల్లో నాకు మొదట నచ్చింది మనవాళ్ళ నూట పదహార్లు. ఫోన్‌పేలో వచ్చినా సరే, 116, 516, 1116. వాళ్ళ నాన్నగారి తద్దినానికి ఒకాయన ఏటా 2116 పంపిస్తాడు, ఆ రోజు కుక్కలకి కోడిగుడ్లు పెట్టమంటాడు. ఒకమ్మాయి మొదటి జీతంలోంచి 1116 పంపి, "పేరు రాయకండి, ఇంట్లో తెలిస్తే తిడతారు" అని మెసేజ్ పెట్టింది. పేరు రాయకపోతే కుదరదమ్మా, మాకు ఫార్మ్ 10బీడీ అని ఒకటి ఉంటుంది, ఏడాదికోసారి మే 31 లోపు దాతల వివరాలన్నీ అందులో ఎక్కించాలి, అప్పుడే మీకు ఆదాయపన్ను తగ్గింపుకి పనికొచ్చే 80జి సర్టిఫికెట్ వస్తుంది అని చెప్తే, "ఆ సర్టిఫికెట్ నాకొద్దండీ" అంది. నిజానికి కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి 80జి పనికిరాదు. పాతదాంట్లో ఉన్నవాళ్ళకైనా 2000 దాటి నోట్ల రూపంలో ఇస్తే రాదు. ఈ రెండూ నేను రోజూ ఎవరికో ఒకరికి చెప్తూనే ఉంటా. పాన్ నంబరు అడిగితే మాత్రం కొంతమంది నేనేదో వాళ్ళ పొలం కాగితాలు అడిగినట్టు చూస్తారు.

సరే, అసలు విషయానికి వస్తా.

2025 జూలైలో బైపాస్ మీద లారీ కొట్టేసిన ఒక కుక్కని తెచ్చారు. తొడ ఎముక రెండు ముక్కలు. మా వంటాయన (అందరం బాబాయ్ అంటాం, నూకలు వండటం దగ్గర్నుంచి రాత్రి కాపలా దాకా ఆయనే) దానికి రంగమ్మ అని పేరు పెట్టాడు. ఎందుకు రంగమ్మ అంటే, "ఆ మొహం చూడండమ్మా, రంగమ్మే కదండీ" అన్నాడు. నాకు అర్థం కాలేదు గానీ పేరు అతుక్కుపోయింది. వాలంటీర్ కుర్రాడు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు, కాలు వేలాడుతూ, కళ్ళు మాత్రం కెమెరాలోకి. ప్లేటు వెయ్యాలి, ఇరవై వేలు దాటొచ్చు అని రాశాడు. మూడు రోజుల్లో 83 మంది, 47,316 రూపాయలు. నా మూడేళ్ళ లెక్కల్లో అంత వేగంగా డబ్బు రావడం అదే మొదలు.

ఆపరేషన్, మందులు, ఎక్స్‌రేలు అన్నీ కలిపి 21,450 అయింది. మిగిలింది 25,866.

సరిగ్గా అదే నెల బాబాయ్‌కీ, బోనులు కడిగే ఆవిడకీ జీతాలివ్వడానికి డబ్బు లేదు. మనిషికి పదకొండు వేలు, ఇద్దరికీ ఇరవై రెండు వేలు. డబ్బాలో ఉన్నది నాలుగు వేల చిల్లర. "మిగిలింది తీసి జీతాలిచ్చేద్దాం, అదీ కుక్కల కోసమే కదా" అన్నారు కమిటీలో. నాకు మనసొప్పలేదు. రంగమ్మ కాలి కోసం అని అడిగాం, వాళ్ళు కాలికే ఇచ్చారు. ఇచ్చినవాడు అడగడులే అని ఖాతా మార్చడం మా ఆఫీసులో చాలా చూశాను, పెద్ద పెద్దవాళ్ళవి కూడా, ఎప్పుడూ ఇలాంటి చిన్న మాటతోనే మొదలవుతుంది. అందరికీ ఫోన్ చేసి అడుగుతానన్నా. ఎనభై ముగ్గురికా అని నవ్వారు.

నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆఫీసు నుంచి వచ్చి, కూర పొయ్యి మీద పడేసి, లిస్టు ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ చేశా. "నమస్కారమండీ, షెల్టర్ నుంచి, మీరు రంగమ్మకి 516 పంపారు కదా" అంటే సగం మందికి పైగా "ఎవరండీ రంగమ్మ?" అన్నారు. ఒకాయన మా చుట్టాల్లో రంగమ్మ అంటూ ఎవరూ లేరని పెట్టేశాడు. తొమ్మిది మంది ఎత్తనే లేదు. ఒకాయన, మర్యాదగానే, "కాలికి వాడలేదు కాబట్టి నా 500 వెనక్కి పంపండి" అన్నాడు. పంపించాను, ఆయన అడిగింది న్యాయమే. ఎక్కువమంది "మీ ఇష్టమండీ, వాడుకోండి" అన్నారు. పిఠాపురం టీచరమ్మ ఒకావిడ మాత్రం కాసేపు ఆగి, "ముందే జీతాలకని అడిగుంటే నేను ఇచ్చేదాన్ని కాదేమోనండీ" అంది. నేను ఫోన్ పెట్టేశాక ఆ మాటే చాలాసేపు పట్టుకుని కూర్చున్నా. ఎంత నిజం చెప్పింది. కుక్క మొహం చూసి ఇస్తాం, ఆ కుక్క కింద ఫినాయిల్ పోసి కడిగే మనిషి మొహం ఫోటోలో ఉండదు.

ఇంతకీ రంగమ్మ ఎలా ఉంది అని అడిగినవాళ్ళు ఆరుగురు.

అప్పట్నుంచీ ప్రతి నెలా ఒకటో తారీఖున గ్రూపులో ఫోటో లేకుండా ఒక మెసేజ్ పెడుతున్నా. జీతాలు ఇంత, నూకలు ఇంత, కరెంటు బిల్లు ఇంత, బ్లీచింగ్ ఇంత, వచ్చింది ఇంత, తక్కువ ఇంత. బ్లీచింగ్ ఎందుకంత అవుతుంది అని మొదట్లో నేనే గొడవపడ్డా. పార్వో అని కుక్కపిల్లల ప్రాణం తీసే జబ్బొకటి, అది వచ్చిన ఒక కుక్కపిల్ల తిరిగిన నేలలో ఆ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుందని, మామూలు సబ్బుకీ ఫినాయిల్‌కీ లొంగదని, బ్లీచింగే పడాలని డాక్టరు గారు చెప్పాక నోరు మూసుకున్నా. మొదటి నెల ఆ మెసేజ్‌కి వచ్చింది ఆరు వేలు. ఇప్పుడు ముప్పై ఒక్క మంది నెలకి రెండొందలో మూడొందలో పంపుతున్నారు, ఏ కుక్క పేరూ లేకుండా. ఇద్దరి జీతాలకి ఇంకా చాలదు. కానీ ఆ ముప్పై ఒక్క వరసలూ పుస్తకంలో రాసేటప్పుడు నాకు బాగుంటుంది, ఎందుకంటే వాటిని ఎక్కడైనా వాడుకోవచ్చు, ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు.

దానాల్లో తలనొప్పివి కూడా ఉంటాయి. పుట్టినరోజు కేకు పట్టుకొచ్చేవాళ్ళు, అదీ చాక్లెట్ కేకు, కుక్కకి చాక్లెట్ విషమండీ అంటే "ఒక్క ముక్కేగా" అంటారు. పెళ్ళిలో మిగిలిన బిర్యానీ ఎముకలతో సహా అర్ధరాత్రి గేటు బయట దింపేసి పోయేవాళ్ళున్నారు. రేషన్ బియ్యం ఇస్తామంటారు, మా ఊళ్ళో రేషన్ బియ్యం పక్కదారి పట్టే సంగతి రాష్ట్రమంతా విన్నదే, వద్దని దణ్ణం పెడతాం. ఒక కంపెనీవాళ్ళు బ్యానర్‌తో వచ్చి, పది బస్తాల డాగ్ ఫుడ్ ఇచ్చి, ఫోటోలో బస్తాలు సరిగా కనబడలేదని మళ్ళీ వరసగా పేర్పించారు. బస్తాలు మంచివే, నాలుగు వారాలు ముసలి కుక్కలకి వచ్చాయి, కాబట్టి పేర్చిన బాబాయ్ నడుం నొప్పి సంగతి నేను ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాస్తున్నా.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమని ఆర్డరు ఇచ్చాక ఫోన్లు పెరిగిపోయాయి. "మా వీధివి మీరొచ్చి పట్టుకెళ్ళండి, కోర్టు చెప్పింది కదా." అదే నెల 22న కోర్టే దాన్ని మార్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి ఎక్కడివి అక్కడే వదలమంది, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప. ఆ రెండో వార్త చాలామందికి చేరలేదు. నవంబరులో మళ్ళీ స్కూళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్ల గురించి ఇంకో ఆర్డరు. అక్కడ పట్టినవాటిని తిరిగి అక్కడే వదలకూడదన్నారు, ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మాత్రం మా గేటు దాకా వచ్చి నిలబడింది. పిక్క పట్టించుకున్నదాన్ని, భయపడేవాళ్ళ మీద నాకు కోపం రాదు. కానీ డెబ్బై కుక్కలకే ఇద్దరు మనుషుల జీతం అందట్లేదు, ఊళ్ళోవన్నీ ఎవరు సాకుతారు?

మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఐదొందల డాలర్లు పంపిస్తానన్నాడు. ఇండియా పాస్‌పోర్టేనా అన్నాను. లేదక్కా, సిటిజన్‌షిప్ వచ్చేసింది అన్నాడు. అయితే నీ డబ్బు విదేశీ విరాళం కింద లెక్క, దానికి ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేకంగా ఖాతా ఉండాలి, మాకు రెండూ లేవు. అదే నీ పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే అయ్యుంటే నువ్వు అమెరికాలో సంపాదించినదైనా ఇబ్బంది లేకుండా తీసుకునేదాన్ని. "సరే అమ్మకి పంపిస్తా, అమ్మ మీకిస్తుంది" అన్నాడు. అది దొడ్డిదారి, ఆ లెక్క నేను రాయను అన్నా. కాస్త నొచ్చుకున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కనుమ నాడు పొద్దున్నే షెల్టర్‌కి వచ్చి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పైపు పట్టుకుని పదహారు బోనులు కడిగాడు. ఆ కడుగుడు ఏ ఖాతాలో రాయాలక్కా అని అడిగాడు వెధవ.

మొంథా తుపాను గురించి కూడా చెప్పాలి. 2025 అక్టోబరు 28 మంగళవారం, పోర్టులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు, కాకినాడ దగ్గరే తీరం దాటుతుందని టీవీల్లో ఒకటే అరుపులు. మాది రేకుల షెడ్డు. ముందురోజే ఒక కల్యాణమండపం ఆయన భోజనాల హాలు ఇస్తానన్నాడు, అద్దె మాట ఎత్తలేదు, "గోడల మీద గోళ్ళు పడకుండా చూడండి చాలు" అన్నాడు. డెబ్బై రెండు కుక్కలు, ఒక టాటా ఏస్, జోరు వాన. కొన్ని ఒకదాన్నొకటి చూస్తే చంపుకునే రకం, వాటిని వేరేగా తీసుకెళ్ళాలి. వాలంటీర్లు ఎంతమంది వస్తారో అని టెన్షన్ పడ్డాం. నేను ఎప్పుడూ వెక్కిరించే రీల్స్ బ్యాచ్ ఒకటుంది, ఇంజినీరింగ్ కుర్రాళ్ళు, ఆదివారం వచ్చి కుక్కపిల్లతో వీడియో తీసుకుని కడగడం మొదలయ్యేలోపు మాయమవుతారు. ఆ రోజు తొమ్మిది మంది వచ్చారు, తాళ్ళతో, రెయిన్‌కోట్లు కూడా లేకుండా. రాత్రి పదింటిదాకా ఒక్కడూ ఫోన్ తియ్యలేదు. తడుస్తుందని తియ్యలేదో ఏమో, నేను అడగలేదు.

టీకా పడని కుక్కపిల్లలు ఐదున్నాయి. వాటిని పెద్దవాటితో కలపకూడదు, పార్వో భయం. ఎవరింట్లోనైనా పెట్టాలి. అందరూ నా వైపు చూశారు, ఎందుకంటే నా ఒక్కదాని ఇంట్లోనే ఖాళీ గది ఉంది. మామిడికాయల ట్రేలో పాత పేపర్లు పరిచి ఐదింటినీ అందులో పెట్టి నా ఒళ్ళో పెట్టారు. ఆటోలో ఇంటిదాకా నేను సరిగా ఊపిరి తీసుకోలేదు. వాటికి నా పొట్ట వెచ్చగా ఉందేమో, ట్రే అంచు దాటి అక్కడే మొహాలు పెట్టుకుని పడుకున్నాయి, సరిగ్గా బొడ్డు దగ్గర. రాత్రంతా గాలి, కరెంటు లేదు, మా అత్తయ్యగారు తలుపు అవతల నుంచి నన్నూ కుక్కలనీ కలిపి తిడుతూనే ఉన్నారు. ఆవిడ ఇప్పటికీ ఆ గదిలో పడుకోరు. తెల్లారాక తెలిసింది, తుపాను నరసాపురం వైపు తీరం దాటిందట. మా షెడ్డు రేకులు రెండు ఎగిరాయి, అంతే. ఇంత హడావిడి ఎందుకు చేశారని కొంతమంది అడిగారు కూడా.

ఆ తర్వాత నేను కూడా రేబిస్ టీకా ముందస్తుగా వేయించుకున్నా. షెల్టర్‌లో తిరిగేవాళ్ళందరూ వేయించుకోవాలి, నేను లెక్కల మనిషినని తప్పించుకుంటూ వచ్చా ఇన్నాళ్ళూ. మూడే డోసులు, భుజానికి. నర్సమ్మ "అయిపోయిందండీ" అంటే నమ్మబుద్ధి కాక ఇంకోసారి అడిగా.

రంగమ్మ కుంటుతుంది గానీ పరిగెడుతుంది. దాని కాలికి వచ్చిన డబ్బు ఒక నెల ఇద్దరి జీతానికి సరిపోయింది. మిగిలిన మూడు వేల పైచిలుకు, ఫోన్ ఎత్తని ఆ తొమ్మిది మంది వాటా అనుకుని, పుస్తకంలో విడిగా ఒక పేజీలో పెట్టి ఉంచాను. నన్ను చూస్తే ఇప్పటికీ మొరుగుతుంది అది, బాబాయ్ "ఊరుకోవే, నీ కాలు లెక్క రాసిందావిడే" అంటాడు.

ఇంకో మాట, కాకినాడ చుట్టుపక్కల ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి. డబ్బులు లేకపోతే పాత న్యూస్ పేపర్లు ఇవ్వండి, కుక్కపిల్లల కింద రోజుకి రెండు కేజీలు పోతాయి. ఏ పార్టీ పేపరైనా ఫర్వాలేదు. పట్టుచీరల షాపులు వేసే నున్నటి రంగుల కాగితాలు మాత్రం వద్దు, అవి పీల్చవు.