600నా, 1000నా: స్పోర్ట్ బైక్ ఎంపిక లాగ్

లాగ్ 1: గేరింగ్ లెక్క (పూర్తయింది)

600 సీసీ బైకు తీసుకోవాలా, 1000 సీసీ తీసుకోవాలా అనే చర్చ హార్స్‌పవర్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంటుంది. అందుకే ఈ లాగ్‌ని వెనక చక్రం దగ్గర మొదలుపెట్టాం. బండిని ముందుకు నెట్టేది అదే కదా.

పోలికకు ఒకే కంపెనీవి రెండు బైకులు తీసుకున్నాం. ఒకటి యమహా ఆర్6 (599 సీసీ, 2017 మోడల్), రెండోది యమహా ఆర్1 (998 సీసీ, 2015 మోడల్). ఆర్6 గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 10,500 ఆర్‌పీఎం దగ్గర 61.7 న్యూటన్ మీటర్లు. ఆర్1కి 11,500 దగ్గర 112.4. పెట్రోలు నింపాక ఆర్6 బరువు 190 కిలోలు, ఆర్1 బరువు 199. తేడా తొమ్మిది కిలోలే. కాబట్టి "పెద్ద బైకు బరువెక్కువ" అనే మాట ఈ తరగతిలో దాదాపు చెల్లదు.

చక్రం దగ్గరి టార్క్ రావాలంటే ఇంజన్ టార్క్‌ని ప్రైమరీ (ఇంజన్ నుంచి గేర్‌బాక్స్‌కి), గేరు, స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) నిష్పత్తులు మూడింటితో గుణించాలి. ఫస్ట్ గేరులో ఇలా వస్తుంది:

ఆర్6: 2.073 × 2.583 × (45/16) = 15.06. చక్రం దగ్గర సుమారు 929 న్యూటన్ మీటర్లు.
ఆర్1: 1.634 × 2.600 × (41/16) = 10.89. చక్రం దగ్గర సుమారు 1,224.

ఇంజన్ దగ్గర 82 శాతం ఉన్న తేడా చక్రం దగ్గరికి వచ్చేసరికి 32 శాతానికి పడిపోయింది. ఆర్1కి పొడుగు గేరింగ్ ఇవ్వడమే దీనికి కారణం. 14,000 ఆర్‌పీఎం దగ్గర ఫస్ట్ గేరులోనే అది 155 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆర్6 16,000 దగ్గర 126 అందుకుంటుంది.

ఇప్పుడు టైరు వ్యాసార్ధంతో భాగించి, హెల్మెట్, సూట్‌తో కలిపి 85 కిలోల రైడర్‌ని వేసుకుంటే త్వరణం వస్తుంది. ఫస్ట్‌లో ఆర్1కి 1.37 జీ (1 జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం), ఆర్6కి 1.09 జీ. చైన్, గేర్‌బాక్స్‌లో పోయే నష్టం ఇందులో తీసేయలేదు. చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు ఉన్న స్పోర్ట్ బైకు సుమారు 1 జీ దగ్గర ముందు చక్రం లేపేస్తుంది. రైడర్ ఎంత ముందుకు వంగినా ఈ హద్దు కొద్దిగానే జరుగుతుంది. అంటే ఫస్ట్ గేరులో ఆర్1 దగ్గర మిగిలిన బలాన్ని థ్రాటిల్ పట్టిన చెయ్యి తగ్గించాలి, లేదా ఎలక్ట్రానిక్స్ తగ్గించాలి. సెకండ్‌లో కూడా ఆర్1 ఇంకా 1.15 జీ దగ్గరే ఉంటుంది. ఆర్6 అప్పటికి 0.85కి దిగిపోతుంది.

ఆర్6 ఫస్ట్ గేరు గరిష్ఠ టార్క్ 83 కిలోమీటర్ల వేగం దగ్గర వస్తుంది. ఆ లోపల రెండు బైకులకూ హద్దు ముందు చక్రమే. 80 దాటాక 1000 విడిపోతుంది. మామూలు రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ తెరిచి ఉంచగలిగే సమయం దాదాపు అయిపోయేది కూడా అక్కడే. మా ఎంపికంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది.

లాగ్ 2: మధ్య సైజు అంటే ఏది? (అనుకున్నదానికంటే ఎక్కువ టైం పట్టింది)

600 అనగానే నాలుగు సిలిండర్ల ఇంజన్ గుర్తొస్తుంది: ఆర్6, హోండా సీబీఆర్600ఆర్ఆర్, కవాసాకి జెడ్ఎక్స్-6ఆర్. వీటిలో జెడ్ఎక్స్-6ఆర్ నిజానికి 636 సీసీ. బోర్ (సిలిండర్ వ్యాసం) 67 మిల్లీమీటర్లు అలాగే ఉంచి స్ట్రోక్‌ని (పిస్టన్ కదిలే దూరాన్ని) 42.5 నుంచి 45.1కి పెంచారు. ఆ 37 సీసీ మధ్య ఆర్‌పీఎంలో బాగానే తెలుస్తుంది.

ఇదే తరగతిలో రెండు సిలిండర్ల బైకులు కూడా చేరాయి. వాటిలో యమహా ఆర్7 (689 సీసీ) 73 హార్స్‌పవరే ఇస్తుంది. బ్రోచర్ చూసి చాలామంది పక్కన పెట్టేస్తారు. సెకండ్ గేరులో లెక్క వేసి చూడండి. ఆర్7 మొత్తం నిష్పత్తి 1.925 × 2.125 × (42/16) = 10.74. దీన్ని 67 న్యూటన్ మీటర్లతో గుణిస్తే చక్రం దగ్గర 720. ఆర్6కి సెకండ్‌లో వచ్చేది 719. గరిష్ఠం రెండింటికీ ఒకటే. కాకపోతే ఆర్7 దాన్ని 6,500 ఆర్‌పీఎం దగ్గర, అంటే 72 కిలోమీటర్ల వేగంలో ఇస్తుంది. ఆర్6 కోసం 10,500 దాకా, అంటే 107 దాకా ఆగాలి. మలుపు నుంచి 60లో బయటికి వస్తుంటే ఆర్7 సిద్ధంగా ఉంటుంది. ఆర్6 5,900 దగ్గర ఇంకా నిద్రలేస్తుంటుంది.

అలాగని ఆర్6ని తీసిపారేయలేం. ట్రాక్ మీద 11,000 నుంచి 15,000 మధ్యే ఉంచి నడిపితే దానికి సాటి వచ్చే పాఠశాల లేదు. గేరు తప్పితే బండి వెంటనే చెప్పేస్తుంది, మలుపులో వేగం పోగొడితే తిరిగి రాదు. రోజూ నడపాలంటే మాత్రం టాప్ గేరులో 100 దగ్గర ఇంజన్ 5,600 పైన తిరుగుతూనే ఉంటుంది. ఆర్1లో అదే వేగానికి 4,300 చుట్టూ ఉంటుంది. హైవే మీద గంటలకొద్దీ వెళ్లేవాళ్లకి 1000 హాయిగా అనిపించడం వెనక ఇదొక కారణం.

ఈ రెంటికీ మధ్యలో 2025 యమహా ఆర్9 వచ్చింది. 890 సీసీ, మూడు సిలిండర్లు, 119 హార్స్‌పవర్, 7,000 ఆర్‌పీఎం దగ్గరే 93 న్యూటన్ మీటర్లు, 195 కిలోలు. ఆర్6 బలం, 1000కి దగ్గరగా ఉండే మధ్య టార్క్. సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750 (150 హార్స్‌పవర్, 190 కిలోలు) చాలా ఏళ్లుగా ఇదే మాట చెబుతోంది. సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే వదలకూడని బైకు అది.

లాగ్ 3: అరిగేవి

టైరు: ఆర్6కి వెనక 180/55, ఆర్1కి 190/55, దాని పై వెర్షన్ ఆర్1ఎంకి 200/55. వెడల్పు పెరిగేకొద్దీ వాలినప్పుడు రోడ్డును తాకే చోటు మధ్యరేఖ నుంచి దూరం జరుగుతుంది. అందుకే అదే మలుపుకు అదే వేగంలో కొంచెం ఎక్కువ వాలాలి. రోడ్డు మీద చల్లటి టైరుకు ముందు 36, వెనక 42 పీఎస్ఐ చాలా బైకులకు సరిపోతుంది. ట్రాక్‌లో మాత్రం టైరు కంపెనీ చెప్పిన వేడి ప్రెషరే పట్టుకోవాలి. అది కూడా సెషన్ నుంచి దిగిన నిమిషంలోపే కొలవాలి.

బ్రేకులు: స్ట్రెయిట్ చివర ఒక బైకు 200తో, ఇంకోటి 230తో వచ్చిందనుకోండి. వేగం 15 శాతమే ఎక్కువ, డిస్కులు వేడిగా మార్చాల్సిన శక్తి 32 శాతం ఎక్కువ. ఆర్6, ఆర్1 రెండింటికీ ముందు డిస్కులు 320 మిల్లీమీటర్లే. ట్రాక్‌లో 1000 లీవర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది బ్రేక్ ఫ్లూయిడ్‌నే. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. రోడ్డుకైతే రెండేళ్లకోసారి మార్చాలి, ట్రాక్‌కైతే సీజన్ మొదట్లో తప్పనిసరి.

వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కీ, దాన్ని తెరిచే క్యామ్‌కీ మధ్య ఉండాల్సిన ఖాళీ): ఆర్6, ఆర్1 రెండింటికీ 40,000 కిలోమీటర్ల చుట్టూ చూడాలి. జెడ్ఎక్స్-6ఆర్‌కి 24,000 చుట్టూ. ఆ ఖాళీని సరిచేసే షిమ్ (చిన్న బిళ్ల) మార్చాలంటే క్యామ్‌షాఫ్ట్‌లు దించాలి కాబట్టి, ఈ పని అయిన బిల్లు చూపించే బైకు విలువే వేరు.

లాగ్ 4: సెకండ్ హ్యాండ్ చూసే వరస

ముందు ఇంజన్ చల్లగా ఉందో లేదో చేత్తో తాకి చూడాలి. మనం వెళ్లేసరికే వేడి చేసి ఉంచితే క్యామ్ చైన్ టెన్షనర్ (ఇంజన్ లోపలి చైన్‌ని బిగువుగా ఉంచే భాగం) గలగల దాక్కుపోతుంది. చల్లగా స్టార్ట్ చేసి మొదటి అరనిమిషం చెవి పెట్టాలి. కీ తిప్పగానే యమహాల్లో ఎగ్జాస్ట్ వాల్వ్ సర్వో (దాన్ని తిప్పే చిన్న మోటారు) ఒకసారి జుయ్‌మంటూ తిరగాలి. తిరగకపోతే కేబుల్ తుప్పు పట్టి ఉండొచ్చు, లేదా వాల్వ్‌నే పీకేసి ఉండొచ్చు.

తర్వాత ముందు చక్రం నేలకి తగలకుండా స్టాండ్ మీద పెట్టి, హ్యాండిల్‌ని ఒక వేలితో ఒక చివరి నుంచి ఇంకో చివరికి నెమ్మదిగా నెట్టాలి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగ్ గాట్లు పడింది. వీలీలు కొట్టి ముందు చక్రాన్ని దభేల్‌మని దించిన 1000ల్లో ఇది తరచూ కనిపిస్తుంది. హ్యాండిల్ చివరిదాకా తిరిగినప్పుడు ఫ్రేమ్‌ని తాకే స్టాపర్లు చూడండి. అవి చదునైపోయినా, చుట్టూ పెయింటు చిట్లినా బైకు గట్టిగా పడిందని అర్థం. కొత్త ఫెయిరింగులు వేసి గీతలు దాచేస్తారు, స్టాపర్లు మార్చడం మాత్రం కుదరదు.

నడిపేటప్పుడు సెకండ్ గేరులో 4,000 నుంచి గట్టిగా థ్రాటిల్ తెరవాలి. గేరు జారి ఇంజన్ ఒక్కసారి కూత పెడితే, గేరు పళ్ల పక్కనుండే డాగ్‌ల అంచులు గుండ్రపడ్డాయి లేదా షిఫ్ట్ ఫోర్క్ వంగింది. ఆర్6లో దీనికి ఇంజన్ దించి క్రాంక్‌కేస్ విప్పాలి. జెడ్ఎక్స్-10ఆర్ లాంటి క్యాసెట్ గేర్‌బాక్స్ అయితే గేర్లను పక్కనుంచి బయటికి లాగొచ్చు. ఏదైనా సరే, గేరు జారే బైకుకి బేరం ఆడకుండా వెనక్కి రావడమే మేలు.

ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి, కాలిపర్ బోల్టులకి సన్నటి రంధ్రాలుంటే అది లాక్‌వైర్ (బోల్టు వదులవకుండా పట్టే తీగ) కట్టి ట్రాక్‌లో తిరిగిన బండి. అంతమాత్రాన చెడ్డది కాదు. పడకుండా, టైముకి ఆయిల్ మార్చుకుంటూ తిరిగిన ట్రాక్ బైకు, సిగ్నళ్ల దగ్గర రేస్ చేయించుకున్న రోడ్డు బైకు కన్నా నయం. డిస్కు మందం కనీసం ఎంతుండాలో డిస్కు మీదే చెక్కి ఉంటుంది, వంకర 0.10 మిల్లీమీటర్లు దాటకూడదు. టైరు మీది నాలుగంకెల ముద్రలో 2319 అంటే 2019లో 23వ వారం.

లాగ్ 5: నిర్ణయం, మొదటి మార్పు

ట్రాక్ నేర్చుకోవడానికి నాలుగు సిలిండర్ల 600. రోడ్డే ఎక్కువైతే ఆర్7 లేదా ఆర్9. 1000 ఎవరికంటే, 600ని మలుపు మధ్యలోంచే పూర్తిగా తెరిచి, అయినా స్ట్రెయిట్ చివర ఇంకా కావాలనిపించినవాళ్లకి. ఈ లాగ్ ముఖ్యంగా ట్రాక్ కోసం కాబట్టి ఆర్6 ఖాయం చేశాం.

దానికి మొదటి మార్పు గేరింగ్. ముందు స్ప్రాకెట్‌ని 16 నుంచి 15కి తగ్గిస్తే నిష్పత్తి 2.81 నుంచి 3.00 అవుతుంది. ఫస్ట్ గేరు 126 బదులు 118 దగ్గర అయిపోతుంది, మలుపు నుంచి బయటికి వచ్చే లాగుడు 6.7 శాతం పెరుగుతుంది. పాత చైనే సరిపోతుంది, యాక్సిల్ మాత్రం దాదాపు 4 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. ముందు 16 ఉంచి వెనక 48 వేసినా సరిగ్గా 3.00 వస్తుంది. అప్పుడు చైన్ పొడవు చాలకపోవచ్చు కాబట్టి పొడవైన కొత్త చైన్‌కి సిద్ధపడాలి. అయినా రెండో దారే ఎంచుకున్నాం. చిన్న ముందు స్ప్రాకెట్ మీద చైన్ లింకులు ఎక్కువ వంగి త్వరగా అరుగుతాయి, స్వింగ్‌ఆర్మ్ మీది రబ్బరు కూడా తినేస్తాయి. చైన్ వదులు స్వింగ్‌ఆర్మ్ స్టిక్కర్ చెప్పిన కొలతకే పెట్టాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్నచోట సరిచేయాలి.