గొడుగు మాస్టారు, 1980 గ్రహణం

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీ తరఫున మన క్లాసు ఇంకుబుడ్డి ఫోన్ చేసి, "నీకు రెండు పేజీలు ఉంచాం. స్కూలు గురించో ఊరి గురించో రాయి. నెలాఖరులోపు పంపెయ్" అన్నాడు. వాడు అడిగితే కాదనలేం, మీకూ తెలుసు. అయితే విశాఖపట్నం వన్‌టౌన్‌లో చదివిన వాళ్ళకి బడి వేరు, ఊరు వేరు కాదు. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను.

మధురవాడలో ఇల్లు కట్టుకున్నాక పాత ఊరికి వెళ్ళడం తగ్గిపోయింది. మొన్న సంక్రాంతికి పనిగట్టుకుని వెళ్ళి, కురుపాం మార్కెట్ దగ్గర ఆటో దిగి నడిచాను. మార్కెట్ కమాను ఉంది. విక్టోరియా రాణిబొమ్మ ఉంది. టౌన్‌హాలు ఉంది. బురుజుపేటలో అమ్మవారి గుడి ముందు ఎప్పటిలాగే జనం. మన పెంకుల బ్లాకు మాత్రం లేదు. ఆ స్థలంలో మూడంతస్తుల కొత్త బిల్డింగు, నున్నటి టైల్స్, ప్రతి గదికీ నాలుగు ఫ్యాన్లు. ఇప్పటి పిల్లలకి అవన్నీ అమరాయని మనస్ఫూర్తిగా సంతోషించాను. కానీ టెన్త్ బి ఉన్న చోట నిలబడేసరికి గొంతు పట్టేసింది.

ఊళ్ళో పోయినవి ఇంకా చాలా ఉన్నాయి. జైలు గోడ పక్క నుంచి వెళ్ళేటప్పుడు లోపల ఏముంటుందా అని మనం ఊహించుకునేవాళ్ళం. ఆ జైలు ఊరి బయటికి వెళ్ళిపోయింది, అక్కడ ఇప్పుడు సెంట్రల్ పార్కులో ఫౌంటెన్లు ఎగురుతున్నాయి. చిత్రాలయ హాలు పోయి మాల్ వచ్చింది. బీచ్ రోడ్డులో వరండాల బంగళాలు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు అయిపోయాయి, హవామహల్ లాంటివి ఒకటో రెండో మిగిలాయి. వీటన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఆర్కే బీచ్‌లో ఇసక. సాయంత్రం క్రికెట్ ఆడుతుంటే, మన క్లాసు గోలీసోడాగాడు కొట్టిన సిక్సరు కూడా నీళ్ళదాకా వెళ్ళేది కాదు. అంత వెడల్పు ఉండేది బీచ్. ఇప్పుడు ఏడాదిలో కొన్ని నెలలు అల వచ్చి గట్టు రాళ్ళనే కొడుతోంది.

ఆ ఇసక సంగతి నాకు కొంచెం ఎక్కువ తెలుసు. ఉద్యోగమంతా డ్రెడ్జర్ల మీదే కదా, అంటే సముద్రం అడుగున ఇసక తవ్వే ఓడల మీద. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి కొడతాయి. వాటితోపాటే ఇసక కూడా గట్టు వెంట ఉత్తరానికి నడుస్తుంది. దారిలో రాతి గోడ అడ్డం పడితే ఇసక దక్షిణాన ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న బీచ్‌కి రావలసింది రాదు. 1933లో హార్బరు తెరిచేనాటికే ఇంజినీర్లకి ఈ చిక్కు తెలుసు. జేనస్, వెల్లెస్డన్ అనే రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి ముంచేసి, హార్బరు ముఖద్వారానికి అడ్డుగోడలా వాడుకున్నది అందుకే. ఆ ఓడల కథ మొదట మనకి చెప్పింది ఎవరో గుర్తుందా? తర్వాత ఔటర్ హార్బరు వచ్చింది, గోడలు సముద్రంలోకి ఇంకా దూరం వెళ్ళాయి. ఆగిన ఇసకని తవ్వి, పైపుల్లో తెచ్చి బీచ్ మీద పోసే పని వచ్చింది. ఆ పనిలో నా చెయ్యి కూడా ఉంది. రాత్రి డ్యూటీలో పైపు మూతి నుంచి నల్లటి నీళ్ళతో ఇసక దూకి మన బీచ్ మీద పడుతుంటే చాలా సంతోషంగా ఉండేది.

ఓడల కథ చెప్పింది గొడుగు మాస్టారే.

ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా నా బుర్రలో పెద్దగా ఏమీ మిగల్లేదు. టెన్త్ ఒక్కటీ ఉంది. అందులోనూ మాస్టారే ఉన్నారు. లెక్కలు ఆయనవే, ఫిజిక్సు ఆయనదే. చంకలో గొడుగు, జేబులో చాక్‌పీసు ముక్కలు. గొడుగు ఎండాకాలం కూడా ఎందుకో మీకు తెలుసు, ఇక్కడ రాయను. హార్మణీ ఆయన్ని అనుకరిస్తుంటే ఆయనే తలుపు దగ్గర నిలబడి పూర్తిగా చూసి, "గొంతు బాగానే వచ్చింది, త్రికోణమితి కూడా వస్తే నా ఉద్యోగం నీకే ఇచ్చేస్తారు" అన్న రోజు కూడా మీకు గుర్తుండే ఉంటుంది.

శనివారం మధ్యాహ్నాలు ఆయన మనల్ని ఊరు తిప్పేవారు. పూర్ణా మార్కెట్ మీదుగా దాబా గార్డెన్స్ దాకా నడిపించి, ఓ షాపుల వరస ముందు ఆపి, గొడుగుతో నేల చూపించేవారు. "ఇక్కడరా. ఈ పేటలోనే ఉండేది నక్షత్రశాల, ఆకాశాన్ని టెలిస్కోపుతో చూసి కొలిచే చోటు. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు సొంత డబ్బుతో కట్టారు. మద్రాసు వెళ్ళి ఖగోళం నేర్చుకుని వచ్చి కట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని పెంచారు. ఆరంగుళాల టెలిస్కోపు తెప్పించారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడికి అడ్డం వస్తే, మన ఊళ్ళో కూర్చుని కొలిచి, లండన్ వాళ్ళకి లెక్క పంపారు."

ఏవీఎన్ కాలేజీ పేరులో ఉన్నది ఆ నరసింగరావు గారేనని అప్పటిదాకా మనలో ఎవరికీ తెలీదు. మా అన్నయ్య అక్కడే డిగ్రీ చదువుతున్నాడు, వాడికీ తెలీదు. ఆ కుటుంబమే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నాటించి, హార్బరు లేని రోజుల్లో బయట లంగరేసిన ఓడలకి జెండాతో టైము చెప్పించిందని కూడా మాస్టారే చెప్పారు. ఓడవాళ్ళు ఆ జెండా చూసి గడియారాలు దిద్దుకునేవారట.

ఎంత చూసినా అక్కడ సైకిల్ షాపు, కిళ్ళీ బడ్డీ, ఒక గోడ తప్ప మాకేం కనపళ్ళేదు. గోలీసోడా అడిగేశాడు.

"ఇక్కడేం లేదు కదండీ మాస్టారూ?"

"లేదు కాబట్టే చూపిస్తున్నాన్రా. ఉన్నవి మీరే చూసుకుంటారు."

ఇక గ్రహణం. 1980 ఫిబ్రవరి 16, శనివారం. కర్ణాటక తీరంలో మొదలై తెలంగాణ మీదుగా ఒరిస్సా దాకా సంపూర్ణం. మనకి సంపూర్ణం కాదు గానీ, సన్నటి అంచు తప్ప అంతా పట్టేసింది. వారం ముందు నుంచే ఊరంతా ఒకటే టెన్షన్. కడుపుతో ఉన్నవాళ్ళు గదిలోంచి కదలకూడదని, కుండల్లో, పచ్చడి జాడీల్లో దర్భ వెయ్యాలని, ఎవరి నోట విన్నా అదే మాట. ఆ మధ్యాహ్నం మార్కెట్ అంతా మూసేశారు. బస్సులు ఖాళీగా తిరిగాయి.

ముందు రోజు సాయంత్రం మాస్టారు మన ఇళ్ళకి ఒక్కొక్కరింటికీ వచ్చారు. మా ఇంట్లో మా నానమ్మ అడ్డం పడింది.

"గ్రహణం పూట గుంటల్ని బయటికి పంపుతారేటి బాబూ? కళ్ళు పోవూ?"

"పోతాయమ్మా, మీరన్నది నిజమే. సూర్యుణ్ణి ఎవరూ నేరుగా చూడకూడదు. అందుకే లోపల కూర్చోబెట్టి, తలుపులు మూసి, నేల మీద చూపిస్తాను. పైకి తలెత్తిన వాణ్ణి నేనే ఇంటికి పంపేస్తాను."

నానమ్మ ఆయన ముఖం చాలాసేపు చూసింది. మర్నాడు నా చొక్కా జేబులో దర్భ పరక పెట్టి పంపింది. ఆ రోజు వచ్చిన వాళ్ళలో జేబులో దర్భ లేనివాడు లేడు. మాస్టారు అవి చూసి ఏమీ అనలేదు. తీసెయ్యమనీ అనలేదు.

టెన్త్ బి పైకప్పులో ఉత్తరం వైపు ఒక పెంకు జారి ఉండేది కదా, వానాకాలంలో కవలల బెంచీ మీద కారేది. ఆయన దాన్నే వాడుకున్నారు. ప్యూను చేత నిచ్చెన వేయించి, ఆ సందుని అట్టముక్కతో మూయించి, అట్టకి మేకుతో బెజ్జం పెట్టించారు. కిటికీలకి గోనెసంచులు కట్టించారు. గది చీకటైంది. బెజ్జంలోంచి ఏటవాలుగా వచ్చిన వెలుగు నేల మీద మన అరచేతిలో సగమంత గుండ్రంగా పడింది. ఆ చోట తెల్లకాగితం పరిచారు. అప్పుడు అర్థమైంది నాకు. అది బెజ్జం ఆకారం కాదు. సూర్యుడే వచ్చి మన క్లాసులో కూర్చున్నాడు. అనుమానం ఉంటే చూడమని మాస్టారు అట్ట మార్పించి మూడు పలకల బెజ్జం పెట్టించారు. వెలుగు అప్పుడూ గుండ్రంగానే పడింది.

రెండు దాటాక కాగితం మీది గుండ్రానికి ఒక పక్క నొక్కు పడింది. ఐదేసి నిమిషాలకి ఒకళ్ళు వెళ్ళి కొత్త కాగితం పరిచి, పెన్సిల్‌తో అంచు గీసి, టైము వేసి, సంతకం పెట్టాలి. వెలుగు నేల మీద నెమ్మదిగా జరిగిపోతుంటే కాగితాన్ని కూడా జరపాలి. భూమి తిరుగుతోందని పుస్తకంలో చదివాం గానీ, మోకాళ్ళ మీద కూర్చుని దాని వెనకాల పాకింది ఆ రోజే. "బయట ఏ పక్క నుంచి పడుతోందో అదే పక్కన కనిపిస్తోందా?" అని అడిగారు మాస్టారు. ఎవరూ నోరెత్తలేదు. వెనక నుంచి హార్మణీ, "తలకిందులు అవ్వాలండీ, పైనుంచి వచ్చిన గీత కిందికి పోతుంది కదా" అన్నాడు. మాస్టారు గొడుగు పక్కన పెట్టేసి వాడి భుజం తట్టారు. వాడు ఇంజినీరింగు వైపు వెళ్ళింది ఆ తట్టుతోనేనని నా నమ్మకం.

నాలుగు కావస్తుండగా కాగితం మీద మిగిలింది గోరు తీసి పడేసినంత వెలుగు. అప్పుడు తలుపు తీసి, తల ఎత్తకూడదని మరోసారి చెప్పి, మనల్ని వరండాలోకి తీసుకెళ్ళారు. బాదం చెట్టు కింద గచ్చంతా నెలవంకలే. వందలు. ఆకుల సందులన్నీ బెజ్జాలైపోయాయి. గాలికి కొమ్మ ఊగితే అన్నీ ఒక్కసారి ఊగేవి. ఎండ పల్చబడిపోయి సీసం రంగుకి తిరిగింది. కాకులు వచ్చి చెట్టెక్కేశాయి. ఇంకుబుడ్డి తన తెల్లచొక్కా వీపు మీద నెలవంకలు పడ్డాయని అందరికీ చూపిస్తూ తిరిగాడు. అప్పుడే ప్రహరీ అవతల ఒక తలుపు తెరుచుకుంది. ఆ ఇంటావిడ మనల్ని తిట్టడానికే వచ్చి, గచ్చు చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి లోపలికి వెళ్ళి వాళ్ళాయన్ని పిలుచుకొచ్చింది.

గీసిన కాగితాలన్నీ మాస్టారు వరసగా ఒక చార్టు మీద అంటించారు. మన సంతకాలతో అది బోర్డు పక్కన చాలా ఏళ్ళు వేలాడింది. నా జూనియర్లు కూడా చూశామన్నారు.

తర్వాత పరీక్షలు, పాలిటెక్నిక్, ఉద్యోగం. కాండ్లా, పారాదీప్, హల్దియా, మళ్ళీ మన ఊరు. సముద్రం అడుగు ఎంత లోతుందో కొలిచే పని నాది. ఓడలో నా పెన్సిల్, స్కేలు ఎవరూ ముట్టుకునేవారు కాదు. అంచు గీసి, టైము వేసి, సంతకం పెట్టే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందని మా కెప్టెన్ అడిగితే ఈ కథంతా చెప్పాను. మా అమ్మాయి ఇప్పుడు ఉపగ్రహాల పనిలో ఉంది. తన చిన్నప్పుడు నిద్రపుచ్చడానికి చెప్పింది కూడా ఈ కథే.

2004 జూన్ 8న, నరసింగరావు గారు చూసిన తర్వాత మన దేశంలో మళ్ళీ అంత బాగా కనిపించేలా శుక్రుడు సూర్యుడికి అడ్డం వచ్చాడు. అప్పుడు నేను పారాదీప్‌లో డెక్ మీద ఉన్నాను. ఓడలో బైనాక్యులర్స్‌కి కొదవ లేదు. ఒకదాన్ని రైలింగుకి కట్టి, సూర్యుడి వైపు తిప్పి, వెనకాల తెల్లకాగితం పట్టుకున్నాను. నల్లటి చుక్క స్పష్టంగా వచ్చింది. క్రూ అంతా వంతులేసుకుని చూశారు. వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను. అప్పటికి ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. రెండుసార్లు గట్టిగా చెప్పాక అర్థమైంది. "ఎన్ని గంటలకి లోపలికొచ్చిందిరా? రాసుకున్నావా?" అన్నారు. రాసుకున్నానని చెప్పాను. "అయితే నరసింగరావు గారి పని నువ్వు చేశావు" అన్నారు. నాకు ప్రమోషన్లు వచ్చాయి, రిటైరయ్యేటప్పుడు శాలువా కప్పారు. వాటిలో ఏదీ ఆ మాటకి సాటి రాలేదు.

ఆయన వెళ్ళిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి బాదం చెట్టు కూలింది. బ్లాకు పెంకులు సగం లేచిపోయాయి, దూలాలు కదిలాయి, పిల్లల్ని కూర్చోబెట్టడం ప్రమాదమని పడగొట్టేశారు. అది సరైన పనే. కానీ మన ఊరి రెండో నక్షత్రశాల కూడా గుర్తు లేకుండా పోయిందని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని కమిటీతో ఒక మాట అనుకున్నాను. కొత్త బిల్డింగు మేడ మీదికి ఆరంగుళాల టెలిస్కోపు, సూర్యుణ్ణి చూడ్డానికి సరైన ఫిల్టరు నేను కొనిస్తున్నాను. హెడ్‌మాస్టారు ఒప్పుకున్నారు. దాని మీద నా పేరు వద్దన్నాను, మాస్టారి పేరు రాస్తారు. పక్కన జగ్గారావు గారు, నరసింగరావు గారు ఏం చేశారో నాలుగు ముక్కల్లో ఒక బోర్డు పెడతారు. ఆ చార్టు బ్లాకు పడగొట్టేటప్పుడు ఎవరైనా ఇంటికి పట్టుకెళ్ళి ఉంటే దయచేసి నాకు ఫోన్ చెయ్యండి, ఫ్రేము కట్టించి అక్కడే పెడదాం. టెలిస్కోపు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. పిల్లలకి చూపించడానికి మనుషులు కావాలి. కవలలూ, మీరిద్దరూ రిటైరయ్యారు కదా, మంగళవారాలు మీవి. హార్మణీ, నువ్వు అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా శనివారాలు నీకు. మిగతా రోజులకి నేనున్నాను.