ఎనిమిది బారల లోతున

అంతర్వేది దగ్గర సముద్రంలో మునిగి చెయ్యి చాపితే మణికట్టు వరకు కనిపిస్తుంది, వేళ్లు కనిపించవు. మా పడవ సరంగు ఈ మాట ముందే చెప్పాడు. మమ్మల్ని ఆపలేదు కానీ, "అంత ఖరీదైన కెమెరా తెచ్చి బురదను తీస్తారా అండీ?" అని మాత్రం అడిగాడు.

మేము ఆరుగురం. వీపున గాలి సిలిండరు లేకుండా, ఒక్క ఊపిరితో మునిగి తేలడం మా సరదా. అందరం అండమాన్‌లో నేర్చుకున్నవాళ్లమే. అక్కడ నీరు అద్దం. కోనసీమలో పుట్టి, గోదావరి కలిసే సముద్రంలో ఒక్కసారైనా దిగలేదన్న వెలితి మా బావమరిదిని పట్టుకుంది. అతను ఒకటి పట్టుకుంటే ఇంటిల్లిపాదినీ పట్టుకున్నట్టే.

ఎప్పుడు వెళ్లాలన్నదే మొదటి తగాదా. జూలై నుంచి అక్టోబరు దాకా వరద, ఎర్రనీరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మర పడవలు కదలవు. ఆ రెండింటి మధ్య వెతుక్కుంటే సంక్రాంతి చుట్టాలు వెళ్లిపోయాక వచ్చే రోజులు దొరికాయి. ధవళేశ్వరం గేట్లు మూసి ఉంటాయి, నది తెచ్చే ఒండ్రు తగ్గుతుంది, పొద్దున గాలి నెమ్మదిగా ఉంటుంది. తిథి మాత్రం సరంగు పెట్టాడు. పౌర్ణమికి, అమావాస్యకు పోటు పాటులు జోరుగా ఉంటాయి. అష్టమి, నవమి రోజుల్లో నీరు బద్ధకంగా కదులుతుందని అతని లెక్క. మా ఫోనులోని పట్టిక కూడా అదే చెప్పింది, కాకపోతే అతను చెప్పిన తరవాత.

మాకు పోటుకన్నా పాటు భయం. పోటు ఒడ్డుకు తోస్తుంది, పాటు గోదావరి పాయ వశిష్ఠ నోట్లోంచి నేరుగా సముద్రంలోకి లాక్కుపోతుంది. అందుకే పాటు మొదలయ్యేలోగా పైకి వచ్చేయాలని రాసుకున్నాం. రాజోలు ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ముందురోజు కారు నడిపి చూసుకున్నాం. నర్సాపురం దగ్గరే అనిపిస్తుంది గానీ మధ్యలో నది ఉంది, పంటు కోసం కాచుకోవాలి. జనవరి పొగమంచులో పంటు ఎప్పుడు కదులుతుందో పంటు నడిపేవాడికే తెలియదు.

మొదటి రోజు పూర్తిగా వృథా. మునగడానికి నడుముకు కట్టుకునే బెల్టు బరువులు అమలాపురంలో ఒక చెరువులో సరిచూసుకుని వచ్చాం. తీరా సముద్రంలో దిగితే ఒక్కొక్కళ్లం బెండు ముక్కల్లా పైనే తేలాం. మంచినీటికన్నా ఉప్పునీరు దాదాపు రెండున్నర శాతం బరువు. 75 కిలోల మనిషిని అది ఇంచుమించు రెండు కిలోల మేరకు అదనంగా పైకి తేలుస్తుంది. ఈ లెక్క అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తు రాలేదు. సరంగు నవ్వు ఆపుకుంటూ వలకు కట్టే సీసం గుళ్లు దోసిలితో తెచ్చి ఇచ్చాడు. వాటిని పాత మేజోళ్లలో పోసి, ముడి వేసి, బెల్టుకు కట్టుకున్నాం.

తిరిగి వస్తూ, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర కాసేపు ఆగాం. ఆ వేళకు పైన పల్చగా నది నీరు, కింద ఉప్పునీరు. రెండూ కలిసే చోట మాస్కులోంచి చూస్తే చక్కెర పాకంలో నీళ్లు పోసినప్పుడు కదిలే తీగల్లాంటివి కనిపించాయి. అది తీయగలిగితే చాలనుకున్నాను. తీశాను కూడా. రాత్రి బసలో చూస్తే అంతా తెల్లటి ఆవిరి. తెల్లవారుజామున ఆ చెమ్మగాలిలోనే కెమెరా కేసు మూశాను, చల్లటి నీళ్లు తగలగానే లోపలి తేమ అద్దానికి పట్టింది. మర్నాడు కారులో పావుగంట ఏసీ వేసి, ఆ పొడిగాలిలో కేసు మూశాం. మందుసీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు నాలుగు లోపల పెట్టాం.

రెండో రోజు గంటకు పైగా ప్రయాణం చేశాక సరంగు ఇంజను ఆపి, తాడుకు కట్టిన గుండు జారవిడిచాడు. పైకి లాగుతూ రెండు చేతులు చాపి బారలు కొలిచాడు. "ఎనిమిది." అంటే పద్నాలుగు మీటర్లకు కాస్త పైన. దగ్గరలో ఎక్కడా వలలు లేవని, వలలకు గుర్తుగా కట్టే జెండాల కోసం నాలుగు దిక్కులా చూసి, అప్పుడు దిగమన్నాడు. మా అందరికన్నా అతనికే వలల భయం ఎక్కువ. మా కాలికి ఒక చిన్న కత్తి కట్టి ఉందని చూపిస్తే గానీ ఊరుకోలేదు.

నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. అదేం చలి అని నవ్వేవాళ్లు అక్కడ గంటన్నర తడిసి, పొగమంచులో పడవ అంచున కూర్చుని చూడాలి. గాలికన్నా నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నిజమైన చలి సముద్రాల్లో అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్ల మందం సూట్లు వేసుకుంటారు, మావి మూడు. వణుకు మొదలైతే కండరాలు ఆక్సిజన్ తినేస్తాయి. ఈత కొలనులో మూడు నిమిషాలు ఊపిరి బిగబట్టే మా కుర్రవాడు ఇక్కడ ఒకటిన్నర నిమిషానికే తొందరపడ్డాడు.

ఈ ఆటలో ఒకరు కింద ఉంటే ఒకరు పైన కాపలా ఉండాలి. మనిషి స్పృహ తప్పేది లోతులో కాదు, తరచుగా పైకి వచ్చే చివరి పది మీటర్లలో, లేదా తల బయట పెట్టాక. పైకి వస్తున్నకొద్దీ నీటి ఒత్తిడి తగ్గుతుంది, దానితో ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఒత్తిడి కూడా పడిపోతుంది. అందుకని తేలినవాణ్ణి ముప్పై సెకన్లు కళ్లార్పకుండా చూడాలి. ఇది నేను పదిమందికి చెప్పగలను. చెప్పాను కూడా.

కుర్రవాడు నాలుగోసారి దిగినప్పుడు కాపలా నాది, కెమెరా కూడా నా చేతిలోనే. రెండూ ఒక్కడే చూసుకోవచ్చని ముందురోజు రాత్రి నేనే వాదించాను. తాడు వెంట అతను పైకి వస్తున్నాడు. మొదట ఆకుపచ్చ మసకలో కాలికి తొడిగిన పసుపు ఫిన్ను, తరవాత చెయ్యి, ఆ తరవాత ముఖం. ఎంత బాగా వచ్చిందో! తల బయట పెట్టాడు, నేను ఇంకా తీస్తూనే ఉన్నాను. పెదవులు నీలంగా ఉన్నాయి. తల రెండుసార్లు ముందుకు ఊగింది. ఆ ఊగడాన్ని సరే అన్న సైగ అనుకున్నాను. పడవలోంచి బావమరిది దూకి, అతని గడ్డం నీటిపైన పట్టుకుని, మాస్కు లాగేసి, "ఊపిరి తీసుకో, తీసుకో" అని అరిచాడు. రెండు గుక్కలు పీల్చాక కుర్రవాడి కళ్లు నిలిచాయి. ఏం జరిగిందని మమ్మల్నే అడిగాడు.

రాత్రి ఆ వీడియో ముక్కను చూశాం. తల బయటికి వచ్చినప్పటి నుంచి బావమరిది చెయ్యి తెరమీదికి వచ్చేదాకా తొమ్మిది సెకన్లు. కెమెరా వణకలేదు. ముఖం సరిగ్గా మధ్యలో ఉంది. బావమరిది ఒక్క మాట అనలేదు, లేచి వెళ్లి అందరికీ టీ పెట్టించాడు.

చిన్నప్పుడు ధవళేశ్వరం దగ్గర ఇసుక పడవలు చూసేవాణ్ణి. గెడ పట్టుకుని ఒకడు బకెట్టుతో మునిగేవాడు, పైన ఇంకొకడు తాడు మీద చెయ్యి వేసి నిలబడేవాడు. ఆ పైవాడు అటూ ఇటూ చూడడమే ఎరగను. బీడీ కూడా వెలిగించేవాడు కాదు.

మూడో రోజు కెమెరాకు ఒకరు, కాపలాకు వేరే ఒకరు, దిగేవాడు ఒకడు. అలా ముగ్గురేసి. కుర్రవాణ్ణి నీటిలోకి దింపలేదు, దుప్పటి కప్పి సరంగు పక్కన కూర్చోబెట్టాం. దూరం నుంచి తీయాలన్న ఆశ వదులుకుని అడుగు దూరంలోకి వెళ్లాను. లైట్లు కెమెరాకు రెండు పక్కలా బాగా ఎడంగా జరిపాను, లేకపోతే నీటిలోని ఒండ్రు రేణువులే మంచు కురిసినట్టు మెరుస్తాయి. వచ్చినవి మూడే ముక్కలు. తాడు మీద జారుతున్న చెయ్యి ఒకటి, మేజోడులో సీసం గుళ్లు ఒకటి, మూడోది నేల. గుండు ఆనిన చోట బూడిదరంగు బురద మెల్లగా లేచి, మళ్లీ మెల్లగా కూర్చుంది.

ఒడ్డుకు వచ్చాక సరంగుకు చూపించాను. తాడు ముక్కను పట్టించుకోలేదు. నేల దగ్గర ఆపమన్నాడు. ముప్పై ఏళ్లుగా గుండు వేసి, లంగరుకు అంటిన బురద చూసి గుర్తుపట్టిన నేలను అతను చూడడం ఇదే మొదలు. కళ్లు చికిలించి తెరకు దగ్గరగా వంగాడు.

"ఇంకోసారి వేయండి బాబూ" అన్నాడు.