మైపాడు గుల్లలు, నిమ్మరసం, వెనిగర్: నాలుగు వారాల కొలతలు

ఏప్రిల్ 6. మైపాడు తీరంలో ఏరుకొచ్చిన గుల్లలను కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, శనగగింజంత ముక్కలుగా కొట్టుకున్నాను. వీటిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే కార్బన్ డై ఆక్సైడ్ బయటికి పోతుంది కనుక, నగలు తూచే చిన్న కాటా మీద గ్లాసును ఉంచి, తగ్గే బరువును బట్టి చర్యా వేగాన్ని లెక్కగట్టవచ్చు. 5 గ్రాముల ముక్కలు, 100 మిల్లీలీటర్ల 4 శాతం వెనిగర్, 30 డిగ్రీలు: పది నిమిషాల్లో 0.11 గ్రాములు తగ్గింది. ఫ్యాను తిరుగుతుంటే కాటా అంకె నిలవదు, కాబట్టి ఆ పది నిమిషాలూ చెమటలోనే కూర్చోవాలి.

ఏప్రిల్ 9. అవే గుల్లలను రోట్లో మెత్తగా నూరి వేస్తే నురగ పొంగి కాటా మీదికి కారింది, ఆ కొలత పనికిరాలేదు. మరుసటిసారి పెద్ద గ్లాసు తీసుకుని, మూతికి దూది వదులుగా పెట్టాను. అదే పది నిమిషాల్లో 0.58 గ్రాములు తగ్గింది. బరువు అంతే, ఆమ్లమూ అంతే, పెరిగినది ఆమ్లానికి ఎదురుపడే ఉపరితలం మాత్రమే.

ఏప్రిల్ 15. సిట్రిక్ ఆమ్లం ఎసిటిక్ ఆమ్లం కన్నా బలమైనది కాబట్టి నిమ్మరసమే గెలుస్తుందని అనుకున్నాను. పొదలకూరు కాయలను పిండి, గుడ్డలో వడకట్టి అదే కొలతలో పోశాను. మొదటి పది నిమిషాల్లో 0.15 గ్రాములు తగ్గింది, అంటే అంచనా నిజమే అనిపించింది. రెండు గంటలయ్యేసరికి మాత్రం వెనిగర్ గ్లాసులో 0.72 గ్రాములు పోగా, నిమ్మరసంలో 0.40 దగ్గరే దాదాపు ఆగిపోయింది. రసం ఇంకా పళ్లు పులిసేంత పుల్లగా ఉంది, గుల్లా మిగిలే ఉంది, మరి ఎందుకు ఆగినట్టు? ఒక ముక్కను తీసి గోటితో గీరితే తెల్లటి పొర పిండిలా ఊడి వచ్చింది. గీరిన చోటును మళ్లీ రసంలో ముంచగానే అక్కడి నుంచే బుడగలు లేచాయి. ఆ పొర కాల్షియం సిట్రేట్, నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. వెనిగర్‌తో ఏర్పడే కాల్షియం ఎసిటేట్ బాగా కరుగుతుంది కనుక గుల్ల ఎప్పటికప్పుడు తేటపడుతూనే ఉంటుంది.

ఏప్రిల్ 16. మా బావమరిది రొయ్యల గుంటలో నీళ్లు పరీక్షించే పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే అంకె) కిట్ తెచ్చాను గానీ, అది 7.5 నుంచి 8.5 చుట్టూ ఉండే గుంట నీటికోసం చేసినది, వెనిగర్‌కు కొరగాలేదు. పులుపును బట్టి రంగు మార్చే శంఖుపూల కషాయమే నయం. వెనిగర్‌లో ఊదా గులాబీ రంగులో ఉన్నది, గుల్లలతో రాత్రంతా ఉంచాక తెల్లవారేసరికి నీలానికి తిరిగింది, అంటే ఆమ్లం చాలావరకు ఖర్చయిపోయింది. మిగిలిన ముక్కలను ఆరబెట్టి తూస్తే 1.9 గ్రాములు, అంటే 3.1 గ్రాములు కరిగాయి. లెక్క ప్రకారం ఆ వెనిగర్ దాదాపు 3.3 గ్రాములను కరిగించాలి; వంటింటి సామానుకు ఈ తేడా నాకు సంతృప్తికరమే.

ఏప్రిల్ 27. పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని బడిలో చదువుకున్నాం. గ్లాసును నీళ్ల గిన్నెలో ఉంచి, కాటా మీదికి తీసి చూస్తూ కొలిచాను: 0.10 గ్రాములు తగ్గడానికి 30 డిగ్రీల వద్ద 9 నిమిషాలు, 40 డిగ్రీల వద్ద ఆరున్నర. అంటే 1.4 రెట్లే. ఇక్కడ వేగాన్ని నిర్ణయిస్తున్నది చర్య కన్నా ఎక్కువగా, ఆమ్లం నీటిలో ప్రయాణించి గుల్లను చేరే తీరేనని నా అభిప్రాయం. ఆ ప్రయాణం వేడికి అంతగా స్పందించదు. పైగా చల్లటి ద్రవంలో వాయువు ఎక్కువగా కరిగి ఉండిపోతుంది కాబట్టి ఆ 9 నిమిషాల్లోనూ కొంత మోసం ఉంది. వచ్చే వారం, వెనిగర్‌లో ముందే చిటికెడు గుల్లపొడి కరిగించి వాయువుతో నింపుకుని, ఒక గ్లాసును కదపకుండా, మరొకదాన్ని చెంచాతో ఆపకుండా కలుపుతూ కొలుస్తాను.